పిల్లల్ని కాలేజీలో చేర్పించడానికి వెళ్తే ఎక్కడ దిగాలి?

ఏటా జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా మా ఇంటికొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "వదినా, పిల్లాడికి సీటొచ్చింది, అక్కడ ఏ హోటల్ బాగుంటుంది?" మా పిల్లలిద్దర్నీ రెండు రాష్ట్రాల్లో చేర్పించి, ఆ తర్వాత చెల్లెలి కూతురికీ, ఆడపడుచు కొడుక్కీ తోడు వెళ్ళొచ్చాను కాబట్టి ఊరూరి లాడ్జిలూ నాకు తెలుసని మావాళ్ళ నమ్మకం. నాకు తెలియవు. తెలిసినా చెప్పను. నిరుడు శుభ్రంగా ఉన్న లాడ్జి ఈ ఏడు చేతులు మారి ఉండొచ్చు, తర్వాత మాట పడేది నేను.

హోటల్ పేరు అడిగినవాళ్ళని నేను తిరిగి అడిగేది ఒకటే: "ఏ గేటు దగ్గర, ఎన్నింటికి ఉండాలి?" ఈ ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబుండదు. ఊరి పేరొక్కటే చెబుతారు. ఊరి పేరు పెట్టి రూములు వెతకడంతోనే చిక్కు మొదలవుతుంది. కింద రాసినవి ఒక్కొక్కటే చేసుకుంటూ వెళ్ళండి, ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- సీటు అలాట్‌మెంట్ కాగితం, కాలేజీ పంపిన రిపోర్టింగ్ సూచనలు. ఫోన్లో ఉంటే చాలదు, ఒకసారి ప్రింట్ తీసి పెన్నుతో గీతలు పెట్టుకోండి.
- రైలు లేదా బస్సు టికెట్, దిగే టైముతో సహా.
- వెళ్ళే పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులు. ఒక్కరిది చూపిస్తే చాలనుకోవద్దు. జిరాక్స్ ఇవ్వమంటే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అది ఇవ్వండి.
- ఎవరెవరు వస్తున్నారో తేలిన లెక్క. "మామయ్య కూడా వస్తానంటున్నాడు" అన్న సంగతి రూము తీసుకున్నాక బయటపడకూడదు.
- సామాను లెక్క. పరుపు, బకెట్టు, ట్రంకు పెట్టె ఉంటే మీకు కావాల్సింది లిఫ్టున్న చోటు, లేదా కింది అంతస్తు.

1. గేటు, టైము ఒక చీటీ మీద రాయండి

ఒక్క చీటీ చాలు. "12వ తేదీ, పొద్దున 9 గంటలు, ఫలానా గేటు, ఫలానా బిల్డింగ్." మీరు చూసే ప్రతి రూమునీ ఈ చీటీతోనే కొలవాలి.

పెద్ద క్యాంపస్‌లకి గేట్లు రెండు మూడుంటాయి, ఒకదానికొకటి కిలోమీటర్ల దూరంలో. ఐఐటీ మద్రాసు మెయిన్ గేటు అడయారు వైపు సర్దార్ పటేల్ రోడ్డు మీద ఉంటుంది. వేళచ్చేరి వైపు ఒకటి, తరమణి వైపు మరొకటి ఉన్నాయి. వేళచ్చేరి గేటు పక్కనే రూము తీసుకుని, తీరా పొద్దున సామానుతో వెళ్ళాక "కొత్తవాళ్ళు మెయిన్ గేటు నుంచే రావాలి" అంటే మళ్ళీ ఆటో ఎక్కాలి. లోపల కూడా మెయిన్ గేటు నుంచి హాస్టళ్ళు చెట్ల మధ్య చాలా దూరం. క్యాంపస్ బస్సు ఉంటుంది గానీ చేరికల రోజున దాని దగ్గర క్యూ కూడా ఉంటుంది.

రిపోర్టింగ్ కాగితంలో గేటు పేరు లేకపోతే కాలేజీకి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: సామానున్న కారు, ఆటో ఏ గేటు నుంచి రావాలి, అవి ఎందాకా వస్తాయి, తల్లిదండ్రుల్ని లోపలికి ఎంతమందిని రానిస్తారు. ఆఫీసులో ఫోన్ ఎత్తకపోతే సీనియర్ల వాట్సాప్ గ్రూపులో అడగండి. వాళ్ళు ఇంకా బాగా చెబుతారు.

2. ఊరి పేరునీ, స్టేషన్ పేరునీ నమ్మొద్దు

ఈ విషయంలో నేను దెబ్బతిన్నాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

పెద్దవాడిని వీఐటీలో చేర్పించడానికి వేలూరు వెళ్ళినప్పుడు, "వేలూరు, రైల్వే స్టేషన్ నుంచి దగ్గర, రద్దీ ప్రాంతం" అని కనిపించిన లాడ్జి తీసుకున్నాం. తీరా చూస్తే అది సీఎంసీ ఆసుపత్రి వీధుల్లో ఉంది. ఆ చుట్టుపక్కల లాడ్జిలన్నీ రోగుల కోసం, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళ కోసం నడిచేవే. బెంగాల్ నుంచీ, ఈశాన్య రాష్ట్రాల నుంచీ, మన చిత్తూరు వైపు నుంచీ వచ్చి వారాల తరబడి ఉండేవాళ్ళతో ఎప్పుడూ నిండుగా ఉంటాయి. రూములో వంట చేసుకోవడానికి స్టవ్వు కూడా ఉంది. వాటిని తప్పుపట్టడానికేం లేదు, అవి వేరే అవసరానికి ఉన్నవి. కాలేజీ మాత్రం పాలారు నదికి ఇవతల, కాట్పాడి వైపు. వంతెన మీద పొద్దుటి రద్దీలో ఆటో ఆగిపోయినప్పుడు మా ఆయన ఏమీ అనలేదు, వాచీ మాత్రం రెండుసార్లు చూసుకున్నారు. ఇంతకీ మేం రైలు దిగింది కూడా కాట్పాడిలోనే! కాలేజీకి దగ్గర్లో దిగి, ఏరు దాటి పడుకుని, పొద్దున్నే మళ్ళీ ఏరు దాటి వెనక్కొచ్చాం. వీఐటీకి వెళ్ళేవాళ్ళు కాట్పాడి అని వెతకండి.

ఇలాంటివే మన దగ్గరా ఉన్నాయి.

వరంగల్ నిట్‌కి వరంగల్ స్టేషన్ కన్నా కాజీపేట జంక్షన్ బాగా దగ్గర. కాజీపేట నుంచి సుమారు 3 కిలోమీటర్లయితే, వరంగల్ స్టేషన్ నుంచి 10 కిలోమీటర్లకు పైనే. మీ రైలు రెండు చోట్లా ఆగితే కాజీపేటలో దిగి, అక్కడో హనుమకొండలోనో రూము చూసుకోండి. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది కాబట్టి పాతతరం ఆటోవాళ్ళకి "నిట్" అన్నదానికంటే "ఆర్ఈసీ" అంటే తొందరగా వెలుగుతుంది.

ఐఐటీ హైదరాబాద్ ఉన్నది హైదరాబాద్‌లో కాదు, సంగారెడ్డి పక్కన కందిలో. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా రూము తీసుకుంటే పొద్దున్నే 50 కిలోమీటర్లకు పైగా నగరం అడ్డంగా దాటాలి. సంగారెడ్డిలోనో, పటాన్‌చెరులోనో, నగరంలోనే ఉండాలనుకుంటే లింగంపల్లి, మియాపూర్ వైపో చూడండి. మీ రైలు లింగంపల్లిలో ఆగుతుందేమో కూడా చూసుకోండి.

ఐఐటీ తిరుపతిదీ అదే కథ. క్యాంపస్ రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి వెళ్ళే దారిలో ఏర్పేడు దగ్గర, తిరుపతి ఊళ్ళోంచి సుమారు 25 కిలోమీటర్లు. సైన్సు చదువుల సంస్థ ఐసర్ కూడా ఆ వైపే. రేణిగుంటలో, శ్రీకాళహస్తిలో కూడా రూములు చూసి, అప్పుడు తిరుపతి సంగతి ఆలోచించండి.

అమరావతిలోని కాలేజీలు, నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం, ఐనవోలులో వీఐటీ, పల్లెల మధ్య ఉన్నాయి. గేటు ఎదురుగా లాడ్జి ఉంటుందని ఆశపడొద్దు. విజయవాడలో దిగితే పొద్దున కృష్ణ దాటాలి, బ్యారేజీ మీదైనా వారధి మీదైనా ఆ టైములో రద్దీయే. మంగళగిరిలో దొరికితే మంగళగిరే మేలు.

ఎలా సరిచూసుకోవాలి: మ్యాపులో కాలేజీ పేరు కాదు, చీటీలో రాసుకున్న గేటు పెట్టండి. రూము నుంచి అక్కడికి దారి అడిగి, బయలుదేరే టైము పొద్దున 8 గంటలని, పనిరోజు తేదీతో మార్చి చూడండి. రాత్రి 11కి పడుకోబోతూ చూస్తే 20 నిమిషాలు చూపించేది పొద్దున 50 అవుతుంది. "2 కిలోమీటర్ల దూరంలో" అని బుకింగ్ యాపులు చూపించేది చాలాసార్లు గీత గీసిన దూరం. మధ్యలో రైలు పట్టాలో, చెరువో, కాలేజీ ప్రహరీయో ఉన్నా ఆ గీతకి తెలియదు.

3. ఆ తేదీల్లో ఆ ఊళ్ళో ఇంకేముందో చూడండి

మీ అబ్బాయికి సీటొచ్చిన సంగతి ఊరికి తెలియదు. దాని పండుగలు దానివి. తిరుపతిలో శనాదివారాలూ, వరుస సెలవులూ, బ్రహ్మోత్సవాలూ, వైకుంఠ ఏకాదశీ అయితే రూము దొరకడమే గొప్ప. శ్రీనివాసం, విష్ణు నివాసం లాంటి టీటీడీ వసతులు దర్శనానికి వచ్చేవాళ్ళ కోసం కట్టినవి, కాలేజీ పనికి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. బాసర ట్రిపుల్ ఐటీకి వెళ్ళేవాళ్ళు వసంత పంచమి, దసరాల్లో మూలా నక్షత్రం రోజు చూసుకోవాలి. అక్షరాభ్యాసాలకి వచ్చే జనంతో ఊరు కిక్కిరిసి ఉంటుంది, అప్పుడు నిజామాబాద్‌లో దిగడం నయం. విజయవాడలో దసరా తొమ్మిది రోజులూ అంతే. రెండేళ్ళకోసారి మేడారం జాతర జరిగేటప్పుడు హనుమకొండ, వరంగల్ లాడ్జిల్లో ఖాళీ ఉండదు. విశాఖ గీతం కాలేజీ ఉన్నది రుషికొండలో, కాబట్టి వారాంతంలో బీచికి వచ్చే టూరిస్టులతో మీరు పోటీ పడాలి.

పెళ్ళి ముహూర్తాలు కూడా పంచాంగంలో చూడండి. శ్రావణంలో ఏ ఊళ్ళోనైనా కళ్యాణ మండపం పక్కనున్న లాడ్జి మొత్తం పెళ్ళివాళ్ళే తీసుకుంటారు. మీకు ఒక రూము దొరికినా, తెల్లవారుజామున 3కి మేళంతో నిద్ర లేస్తారు.

4. ముందు క్యాంపస్ గెస్ట్ హౌస్ అడగండి

చాలామంది దీన్ని చివర్లో అడుగుతారు. మొదట అడగాల్సింది ఇదే. పెద్ద సంస్థలన్నిటికీ సొంత గెస్ట్ హౌస్‌లు ఉంటాయి. ఐఐటీ మద్రాసులో తరమణి గెస్ట్ హౌస్, ఖరగ్‌పూర్‌లో టెక్నాలజీ గెస్ట్ హౌస్, విశ్వేశ్వరయ్య గెస్ట్ హౌస్ అలాంటివే. గేటు, టైము, ఆటో అన్న బాధలన్నీ ఒక్కసారిగా తీరిపోతాయి.

కాకపోతే అవి ముందు కాలేజీ పని మీద వచ్చినవాళ్ళకి, ఆ తర్వాతే మనకి. చేరికల వారంలోనూ, స్నాతకోత్సవం రోజుల్లోనూ నిండిపోతాయి. కొన్నిచోట్ల లోపల చదివే విద్యార్థో, పనిచేసే ఉద్యోగో పేరు మీద అడిగితేనే ఇస్తారు. అందుకని అలాట్‌మెంట్ కాగితం వచ్చిన రోజే మెయిల్ పంపండి. అందులో సీటు నంబరు, తేదీలు, ఎంతమంది అన్నది స్పష్టంగా ఉండాలి. "ఓకే" అని జవాబొచ్చేదాకా బయట ఒక రూము, డబ్బు కట్టకుండా రద్దు చేసుకునే వీలున్నది, పట్టి ఉంచండి. "చూస్తాం" అన్న మాటని బుకింగ్ అనుకుని వెళ్ళి గెస్ట్ హౌస్ వరండాలో పరుపు చుట్టల మీద కూర్చున్నవాళ్ళని నేను చూశాను.

5. రాత్రులు లెక్కపెట్టండి, తేదీలు కాదు

రైలు 11వ తేదీ రాత్రి ఎక్కితే 12 తెల్లవారుజామున 4 గంటలకు దింపుతుంది. రిపోర్టింగ్ 12 పొద్దున 9కి. మీరు యాపులో "12 నుంచి 13" అని పెడతారు. ఆ బుకింగ్ మొదలయ్యేది 12 మధ్యాహ్నం 12కి, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యంగా. అంటే మీకు స్నానం, టిఫిను, కాస్త నడుం వాల్చడం కావాల్సిన ఆ నాలుగైదు గంటలూ రూము మీది కాదు. పని ముగించుకుని సాయంత్రం వచ్చి ఖాళీ రూములో కూర్చుంటారు.

దీనికి నాలుగు దారులున్నాయి, ఈ వరసలోనే చూడండి.

మొదటిది, రిపోర్టింగ్‌కి ఒకరోజు ముందే పగటిపూట చేరడం. పిల్లల టెన్షన్ సగం తగ్గుతుంది. సెలవు దొరికితే ఇంకేమీ ఆలోచించొద్దు.

రెండోది, 11 నుంచే రూము తీసుకుని, "12 తెల్లవారుజామున 5కి వస్తాం, రూము వదలొద్దు" అని ఫోన్లో చెప్పి, మెసేజ్ కూడా పెట్టడం. చెప్పకపోతే రాత్రి 10 దాకా చూసి వేరేవాళ్ళకి ఇచ్చేసే చోట్లు ఉన్నాయి.

మూడోది, 24 గంటల చెక్ అవుట్ ఉన్న లాడ్జి. మీరు ఎన్నింటికి దిగితే అక్కడి నుంచి 24 గంటలు. తమిళనాడులోనూ మన ఊళ్ళలోనూ పాతకాలపు లాడ్జిల్లో ఈ పద్ధతి ఇంకా ఉంది.

నాలుగోది స్టేషన్‌లోని రిటైరింగ్ రూము. కన్‌ఫర్మ్ అయిన టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో 12 గంటలకో 24 గంటలకో తీసుకోవచ్చు. త్వరగా అయిపోతాయి. అదీ దొరక్కపోతే వెయిటింగ్ హాల్లో స్నానాలు కానిచ్చి, సామాను క్లోక్ రూములో పెట్టండి. క్లోక్ రూములో తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు. బియ్యం సంచీ, ఆవకాయ జాడీ ఉన్న బకెట్టు తీసుకోరు, వాటి దగ్గర ఒకరు కాపలా ఉండాల్సిందే.

ఇంకో మాట. రాత్రి 12:20 రైలంటే తేదీ మారిపోయినట్టే. 12వ తేదీ రాత్రి అనుకుని 13 టికెట్ బదులు 12 టికెట్ తీసినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. పేరు చెప్పను.

6. మూడు చోట్లు ఎంచి, దారిఖర్చు కలపండి

ఒకటి గేటుకి దగ్గర, ఒకటి స్టేషన్‌కి దగ్గర, ఒకటి ఊరి నడిబొడ్డున. మూడూ రాసుకుని రూము అద్దెకి పన్ను, అదనపు మంచం, రెండు రోజుల ఆటో ఖర్చు కలపండి. దూరంగా ఉన్న రూము 600 రూపాయలు తక్కువనిపిస్తుంది. రోజుకి రెండుసార్లు వెళ్ళిరావడానికి ఆటోకి 250 చొప్పున వేసుకోండి, ఒక్కరోజులోనే 1000 అయింది. ఆదా ఏదీ?

నా వరకు నేను గేటుకి 2, 3 కిలోమీటర్లలో ఉన్న మామూలు రూమునే ఎంచుకుంటాను, 15 కిలోమీటర్ల అవతల స్విమ్మింగ్ పూలున్న హోటల్ అదే ధరకి వచ్చినా సరే. మొదటిరోజు ఎవరూ ఆ స్విమ్మింగ్ పూల్ వైపు చూడరు. ఒరిజినల్ మార్కుల లిస్టు రూములో మర్చిపోయామని మాత్రం కనీసం ఒకరైనా పరిగెత్తుతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే, సొంత కారుంటే లెక్క వేరు, అప్పుడు లిఫ్టూ పార్కింగూ ముందు చూడండి.

రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాలు వదిలేయండి. గత మూడు నాలుగు నెలల్లో రాసినవే చదవండి. జూలై, ఆగస్టుల్లో రాసినవి వెతికితే మీలాంటి తల్లిదండ్రులు రాసినవి దొరుకుతాయి. నీళ్ళు, కరెంటు, దోమలు, రాత్రి గోల గురించి ఇద్దరు ముగ్గురు ఒకే మాట రాస్తే నిజమే అనుకోండి.

7. ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి

యాపులో బుక్ చేసినా సరే, హోటల్‌కి నేరుగా ఒక్క ఫోన్ చేయాల్సిందే. కర్రలా బిగుసుకుని ఇంటర్వ్యూ చేసినట్టు కాదు, మామూలుగా:

"అన్నా, ఫలానా కాలేజీ ఫలానా గేటుకి మీ దగ్గర్నుంచి ఆటో ఎంత తీసుకుంటాడు?" దీనికి తడుముకోకుండా చెబితే వాళ్ళ దగ్గరికి కాలేజీవాళ్ళు వస్తుంటారని అర్థం.

"పొద్దున 6కి వేడినీళ్ళు ఉంటాయా? గీజరా, బకెట్లో తెచ్చిస్తారా?"

"మేం నలుగురం. అదనపు మంచం వేస్తారా, చాపే ఇస్తారా? ఎంత?"

"అన్నీ కలిపి ఎంత? పన్ను అందులోనే ఉందా?"

"పొద్దున 7కి టిఫిన్ దొరుకుతుందా, దగ్గర్లో ఏమైనా ఉందా?"

"మేం ఖాళీ చేశాక సాయంత్రం రైలు దాకా సామాను పెట్టుకోనిస్తారా?"

వేలూరు, చెన్నైల్లో తెలుగులోనే మొదలుపెట్టి చూడండి, అర్థం చేసుకునేవాళ్ళు తరచూ దొరుకుతారు. ఖరగ్‌పూర్‌లో కూడా రైల్వే ఉద్యోగాలకి తరాల కిందట వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి. ఖరగ్‌పూర్ వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక: అక్కడి పొడుగు ప్లాట్‌ఫామ్ ఒక కిలోమీటరుకు పైనే. బయటికి వెళ్ళే దారి మీ బోగీకి ఎటువైపో తెలుసుకోకుండా ట్రంకు పెట్టెతో నడక మొదలుపెట్టొద్దు.

కొన్ని లాడ్జిలు అదే ఊరి చిరునామా ఉన్న ఆధార్ తీసుకోవు, కొన్ని పెళ్ళికాని కుర్రాళ్ళకి రూమివ్వవు. మీ అబ్బాయి స్నేహితుడితో కలిసి వెళ్తుంటే ఈ సంగతి ముందే అడగాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న పిల్లలు, డాసా (విదేశాల్లో చదివినవాళ్ళకి నేరుగా సీట్లిచ్చే పథకం) కింద నిట్‌లలో చేరేవాళ్ళ లాంటివాళ్ళు, ఇంకో విషయం చూసుకోవాలి. విదేశీయులు దిగితే హోటల్‌వాళ్ళు 24 గంటల్లోగా వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి పంపాలి. చిన్న లాడ్జిలు ఆ తలనొప్పి ఎందుకని వద్దంటాయి. అమెరికా నుంచి వచ్చే మేనల్లుడి కోసం రూము చూస్తుంటే ఫోన్లోనే ఈ మాట తేల్చుకోండి.

8. డబ్బు కట్టేటప్పుడు

ఇంటర్నెట్‌లో గెస్ట్ హౌస్ పేరుతో కనిపించే ప్రతి నంబరూ గెస్ట్ హౌస్‌ది కాదు. పేరున్న వసతుల ఫోటోలు పెట్టి, తమ నంబరు తగిలించి, అడ్వాన్సు పట్టి మాయమయ్యే మోసగాళ్ళున్నారు. కాలేజీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే చేయండి. క్యూఆర్ కోడ్ పంపి "10 నిమిషాల్లో కట్టకపోతే రూము పోతుంది" అని తొందరపెడితే ఫోన్ పెట్టేయండి. స్కాన్ చేశాక కనిపించే పేరు ఎవరో వ్యక్తిదైతే అక్కడే ఆగండి.

అడ్వాన్సు ఒక రాత్రి అద్దెకి మించకూడదు. తేదీ, ఎన్ని రాత్రులు, ఎంతమంది, మొత్తం ఎంత అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. ఒకసారి నేను యాపులో పూర్తి డబ్బు కట్టి రాత్రి 9కి వెళ్తే "మీ బుకింగ్ మాకు రాలేదమ్మా" అన్నారు. ముందురోజు ఫోన్ చేయకపోవడం నాదే తప్పు. అప్పటి నుంచి బయలుదేరే రోజు పొద్దున ఒక ఫోన్, రైలెక్కాక ఒక మెసేజ్.

9. దిగగానే పది నిమిషాలు

సామాను విప్పకముందే చూడండి. కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, గీజర్ వేయండి. లోపలి గడియ పడుతోందా? కిటికీ మూసుకుంటుందా? దుప్పటి ఎత్తి పరుపు చూడండి. ఫోన్ సిగ్నల్ ఉందా? పొద్దున ఏదైనా ఓటీపీ రావాలంటే అవసరం. బాగాలేకపోతే అప్పుడే రూము మార్చమనండి, బట్టలు పరిచాక ఎవరూ మార్చరు.

తర్వాత, అలసిపోయినా సరే, చీకటి పడకముందు గేటు దాకా ఒకసారి వెళ్ళిరండి. ఆటో ఎంతడుగుతాడో, ఎంతసేపు పడుతుందో, జిరాక్స్ షాపూ పాస్‌పోర్టు ఫోటోలు తీసే చోటూ ఎక్కడున్నాయో తెలుస్తాయి. పొద్దున హడావిడిలో అవే కావాలి. వచ్చేటప్పుడు మర్నాటికి అదే ఆటో అబ్బాయితో మాట్లాడుకుంటే ఇంకా మంచిది. మీరు సరైన చోట దిగారో లేదో ఈ ఒక్క తిరుగుడుతో తేలిపోతుంది. పొద్దున సర్టిఫికెట్ మర్చిపోతే గంటలోగా రూముకి వచ్చి తిరిగి గేటుకి చేరగలరా? చేరగలిగితే రూము మంచిదే. లేకపోతే రెండోరాత్రికి చోటు మార్చే ఆలోచన ఇప్పుడే చేయండి.

హోటల్ వద్దనుకుంటే

చుట్టాలింట్లో దిగడం: ఇల్లు గేటుకి 10 కిలోమీటర్ల లోపుంటేనే. లేకపోతే మీరు పొద్దున 6కి లేవాలి, మీ కోసం పిన్ని 5కి లేస్తుంది. పని అయ్యాక సాయంత్రం పళ్ళు పట్టుకుని చూసి రండి, అందరికీ సుఖం.

సీనియర్ హాస్టల్ రూములో పడుకోవడం: పిల్లలు ధీమాగా చెబుతారు. వార్డెన్ అనుమతి లేకుండా బయటివాళ్ళు రాత్రి ఉండటం చాలా కాలేజీల్లో నిషేధం. దొరికితే ఇబ్బంది పడేది ఆ సీనియరే.

పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయడం: మూడు గంటల ప్రయాణం లోపైతే, ఊరికే క్యాంపస్ చూడటానికైతే ఇదే చేయండి. చేరికకి మాత్రం వద్దు.

ఆడపిల్ల పరీక్షకో ఇంటర్వ్యూకో ఒక్కతే వెళ్తుంటే డబ్బు లెక్క పక్కన పెట్టండి. ముందు క్యాంపస్ గెస్ట్ హౌస్, అది లేకపోతే రిసెప్షన్‌లో రాత్రంతా మనిషుండే హోటల్, మెయిన్ రోడ్డు మీద. వెలుతురుండగానే చేరేలా రైలు ఎంచుకోండి. అంత దగ్గర్లో ఏదీ లేకపోతే ఇంట్లో ఒకరు తోడు వెళ్ళడమే.

ఆఖరి రాత్రి సంగతి

పిల్లల్ని హాస్టల్లో దించిన రోజు సాయంత్రమే రైలు పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. నేను వద్దంటాను. హాస్టల్ రూము తాళం చేతికి రావడానికే కొన్నిసార్లు సాయంత్రమవుతుంది. ఫ్యాను తిరగకపోవచ్చు, పరుపు మంచానికి పట్టకపోవచ్చు, ఫీజు రసీదులో పేరు తప్పు పడొచ్చు. వాడు మర్నాడు పొద్దున ఫోన్ చేసి "అమ్మా, బకెట్టు మర్చిపోయాం" అనడం ఖాయం. అందుకని ఇంకో రాత్రి కూడా రూము పెట్టుకోండి. రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకానో ముందే అడిగి చీటీ వెనక రాసుకోండి. అవసరం లేదనిపిస్తే ఆ గడువు లోపల ఫోన్ చేసి వద్దనడానికి ఒక్క నిమిషం పని. మేం మాత్రం రెండుసార్లూ ఉండిపోయాం, రెండుసార్లూ బకెట్టు కొన్నాం.